హెడ్డింగు కింద ఎవరి పేరూ ఉండదు

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ బెజవాడలో నా రాత చదవని మనిషి దాదాపు లేడు. నా పేరు తెలిసిన మనిషీ దాదాపు లేడు. పత్రికలో హెడ్డింగులు పెట్టేవాడి బతుకు అలాంటిది. ఈ ఏర్పాటు వల్ల జనానికి నష్టమేమీ కలగలేదు. నాకు మాత్రం లాభం కలిగింది, ముఖ్యంగా వీధిలో నడిచేటప్పుడు.

ఈమధ్య మా పేటలో ఇద్దరు కుర్రవాళ్ళు పత్రికల్లో చేరారు. "కోర్టు వార్తకి హెడ్డింగు ఎలా పెట్టాలండీ?" అని అడిగారు. "నెమ్మదిగా" అన్నాను. ఆ జవాబు వాళ్ళకు చాలినట్టు కనబడలేదు. అందుకని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో రాయను. వచ్చినవి తక్కువ, అవి ఎందుకు వచ్చాయో నాకూ తెలియదు. ఒక్క కేసు గురించి రాస్తాను. ఆ తరువాత నేను నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు.

మా పత్రిక, మా ఎడిటరు గారు

యుద్ధం అయిపోయినా కంట్రోళ్ళు అయిపోని రోజులవి. బియ్యానికీ, కిరసనాయిలుకీ, గుడ్డకీ, నూలుకీ కంట్రోలే. చివరికి మేం అచ్చువేసే కాగితానికి కూడా. నేను బి.ఏ.లో ఫిలాసఫీ చదివాను. అందువల్ల మరే ఉద్యోగానికీ పనికిరాక, గవర్నరుపేటలో ఒక మధ్యాహ్నం పత్రికలో సబ్ ఎడిటరుగా కుదిరాను. కాగితం కరువు కాబట్టి పత్రిక అంతా కలిపి ఒకటే షీటు. వార్తకి చోటు ఉండేది కాదు. హెడ్డింగుకి మాత్రం ఎప్పుడూ ఉండేది.

ఎడిటరూ, సొంతదారూ రాఘవయ్య గారే. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చిన మనిషి. పెద్ద మనసు. జీతాలు ఆలస్యమైన నెలలో మమ్మల్నందర్నీ ఇంటికి భోజనానికి పిలిచేవారు. ఆ ఇంట్లో చాలాసార్లు తిన్నాం. ఆయనకు ఒకటే చిక్కు. పోలీసులు తనను పట్టుకోవడం దౌర్జన్యం, ఇంకొకర్ని పట్టుకోవడం చాకచక్యం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మాది దేశం కేసయ్యా మూర్తీ. వీళ్ళది దొంగతనం కేసు."

"దొంగతనమని కోర్టు ఇంకా చెప్పలేదు కదండీ?"

"కోర్టు చెప్పేదాకా కూర్చుంటే మన పేపరెవడు కొంటాడు?"

వ్యాపారం ప్రకారం ఆయన మాట సబబే. నేను ఫిలాసఫీ ప్రకారం ఊరుకున్నాను.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. డెల్టా పల్లెలకు పోయే బస్సు మధ్యాహ్నమే బయల్దేరుతుంది. కోర్టులో తీర్పు చదివేసరికి సాయంత్రమవుతుంది. బస్సు ఆగదు, మేజిస్ట్రేటు గారు తొందరపడరు. అందుచేత తీర్పు రోజున హెడ్డింగు పొద్దున్నే తయారయ్యేది. "ఫలానావాడికి నేడు శిక్ష" అని పెద్ద హెడ్డింగులకు వాడే కొయ్య అక్షరాలతో పేర్చేసేవాళ్ళం. ఎడిటరు గారు దీన్ని ముందుచూపు అనేవారు. కంట్రోలు కేసుల్లో శిక్షలు పడడమే ఎక్కువ కాబట్టి చాలాసార్లు అది ఫలించేది కూడా. ఫలించనప్పుడు మర్నాడు వెనక పేజీలో, తలనొప్పి మందు ప్రకటన కింద, రెండు ముక్కలు వేసేవాళ్ళం. అవి చదివినవాళ్ళు ఆ మందు కొనేవాళ్ళే అయ్యుండాలి.

పల్లెల్లో మా పత్రిక ఎలా చేరేదో కూడా చెప్పాలి. బస్సు దిగిన కట్ట విప్పి, ఏజెంటు ముందుగా హెడ్డింగును హోటలు ముందున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేవాడు. చదువొచ్చినవాడు చదివితే రానివాళ్ళు వినేవాళ్ళు. విన్నవాళ్ళు ఇంటికి పోయి ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళు. ఊళ్ళోకి నడిచి వెళ్ళేది హెడ్డింగే. వార్త హోటల్లోనే ఉండిపోయేది.

ఇక మా కోర్టు రిపోర్టరు దానియేలు గారు. ఎండాకాలం కూడా గొడుగుతోనే కోర్టుకు వెళ్ళేవారు. సాక్షి దగ్గితే దగ్గాడని రాసేవారు, ఎందుకు దగ్గాడో రాసేవారు కాదు. ఇంత నిక్కచ్చి మనిషి తన వార్త మీద మేం పెట్టే హెడ్డింగు గురించి ఒక్క మాట అనేవారు కాదు. అడిగితే, "అది నా జీతంలో లేదు మూర్తీ. చూసింది నేను రాస్తాను. పైన మీరు చుట్టే తలపాగా సంగతి నన్నడక్కు" అన్నారు. మంచివాళ్ళు ఇలా తప్పుకోవడం వల్ల జరిగే నష్టం గురించి వేరే రాయాలి. ఆయన బతికుండగా రాయలేకపోయాను.

నూలు కేసు

ఉయ్యూరుకి అవతల ఒక నేతపల్లె ఉంది. ఇంటింటా మగ్గమే. సర్కారు కోటా నూలు, సప్లై ఆఫీసులోనే సొసైటీ ముద్ర వేయించుకుని, నేతపనివాళ్ళ సొసైటీకి వచ్చేది, సొసైటీ మగ్గాలకు పంచేది. సెక్రటరీ నాగభూషణం, తనూ నేతగాడే. సొసైటీ రాకముందు ఆ ఊరికి నూలు ఇచ్చేది కోటయ్య షావుకారు. నేసిన చీరలు కొనేదీ ఆయనే, ధర చెప్పేదీ ఆయనే. సొసైటీ వచ్చాక ఆయనకు ధర చెప్పే శ్రమ తప్పింది. అందుకు ఆయన సంతోషించలేదు.

ఇలా ఉండగా బెజవాడలో కాలవ ఒడ్డున ఒక గోడౌనులో, సొసైటీ ముద్రలున్న నూలు బేళ్ళు దొరికాయి. పోలీసులు నాగభూషణాన్ని పట్టుకున్నారు. మా ఎడిటరు గారు ముందు హెడ్డింగు రాసి తరువాత వార్త చదివే మనిషి. "నూలు దొంగ పట్టుబడ్డాడు" అని పేజీకి ఆ చివర నుంచి ఈ చివరకు వేశారు. హెడ్డింగులో పేరు లేదు, అవసరమూ లేకపోయింది. ఆ నేతపల్లెలో నూలు గోడౌను తాళాలు ఉన్నది ఒక్కడి దగ్గరే.

నాగభూషణం బెయిలు మీద వచ్చాడు. ఆ పూట నుంచీ ఊళ్ళో ఆయన ఇల్లు "దొంగోళ్ళ ఇల్లు" అయింది.

విచారణలో గోడౌను సొంతదారు సాక్ష్యానికి వచ్చాడు. అద్దెకు తీసుకున్నదెవరని ప్లీడరు అడిగితే, జనం కూర్చున్న బెంచీల వైపు చెయ్యి చూపించి, "అదుగోనండి, ఆ జరీ కండువా ఆయన" అన్నాడు. ఆయన కోటయ్య. కేసు ఎలా నడుస్తోందో ఒకసారి చూసిపోదామని వచ్చాడు, పాపం. తరువాత ఆయన్ని బోనెక్కిస్తే, నాగభూషణం అడిగాడు కాబట్టి అద్దెకు ఇప్పించానే గానీ లోపల ఏముందో తనకు తెలియదన్నాడు. దానియేలు గారు ఇద్దరి మాటలూ రాసి తెచ్చారు. చోటు చాలక మా ఎడిటరు గారు గోడౌను సొంతదారు మాట తీసేసి, కోటయ్య మాట ఉంచారు.

ఆవిడ వచ్చింది

తీర్పు రేపనగా పొద్దున ఒక ఆడమనిషి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, "హెడ్డింగులు రాసేది ఎవరండీ?" అంది. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. మా వాళ్ళలో అంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

"మీరేనా బాబూ? నేను నాగభూషణం గారి ఇంటిదాన్ని, మంగమ్మని. మా ఆయన్ని దొంగన్నది మీరా?"

"అది నేను రాయలేదమ్మా. కానీ ఇక్కడే ఉన్నాను."

"అయితే మీతోనే చెప్పాలి. కూర్చోమంటారా, నిలబడి చెప్పమంటారా?"

కుర్చీ వేశాను.

"రేపు తీర్పంట. కోర్టు లేచేసరికి పొద్దు వాలుద్ది. మా ఆయన ఆఖరి బస్సుకి గానీ ఊరు రాడు. మీ పేపరేమో మధ్యాహ్నం బస్సుకే వచ్చేసుద్ది. కోటయ్య రేపు సాయంత్రానికే సొసైటీ మీటింగు పెట్టించాడండి. మీ పేపరు చదివించి, సెక్రటరీ జైలుకి పోయాడు గాబట్టి నూలు పంచే పని నాకు రాసియ్యండి అంటాడు. జనం వేలిముద్రలేసేస్తారు. ఇంక మగ్గాలోళ్ళమంతా మళ్ళీ ఆయన గుమ్మంలో నిలబడాల్సిందే."

"ఆయన వచ్చేదాకా ఆగమని మీరు చెప్పకూడదా అమ్మా?"

"దొంగ పెళ్ళాం మాట ఎవరింటారండీ? ఆ పేరు పెట్టింది మీరేగా."

ఆవిడ లేచింది.

"మంచోడని రాయమనటల్లేదు బాబూ. రేపు సాయంత్రం దాకా ఏ సంగతీ తేల్చమాకండి. అంతే. బీయే చదివారంటగా, ఆమాత్రం ఆగలేరా?"

తీర్పు రోజు

మర్నాడు నేను వెళ్ళేసరికి ఎడిటరు గారి చేతిరాతతో హెడ్డింగు నా బల్ల మీద ఉంది. "నూలు దొంగకు నేడు శిక్ష." కంపోజింగుకి పంపడమే తరువాయి. కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఇది పంపలేనండి."

"ఏం, చేతిరాత అర్థం కాలేదా?"

"బాగా అర్థమయిందండి. తీర్పు ఇంకా రాలేదు."

"దానియేలు రాసిందంతా చదివావుగా?"

"చదివానండి. అందులో ఎక్కడా దొంగ అన్న మాట లేదు."

"అది వార్తయ్యా. ఇది హెడ్డింగు."

ఈ మాట ఆ తరువాత చాలామంది ఎడిటర్ల దగ్గర విన్నాను. ఇంత సూటిగా చెప్పింది ఆయన ఒక్కరే.

మంగమ్మ గారు చెప్పిన మీటింగు సంగతి చెప్పాను. విన్నారు. కాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చుని, "పోనీ, చివర ప్రశ్నార్థకం పెట్టు" అన్నారు.

"ఏజెంటు బోర్డు మీద రాసేటప్పుడు ప్రశ్నార్థకం రాయడండి. రాసినా, చదివి వినిపించేవాడు దాన్ని చదవడు. మనిషి మీద బురద చల్లి, చేతికి గొడుగిచ్చినట్టుంటుంది."

"నీకు నాగభూషణం చుట్టమా?"

"కాదండి. ఆయన్ని నేను చూడనైనా లేదు."

"మరెందుకయ్యా నీకీ బాధ? వాడు దొంగని నా అభిప్రాయం. ఎడిటరుకి అభిప్రాయం ఉండకూడదా?"

"తప్పకుండా ఉండాలండి. మీ సంపాదకీయం కింద మీ పేరుంటుంది. చదివినవాడికి ఇది రాఘవయ్య గారి మాట అని తెలుస్తుంది. హెడ్డింగు కింద ఎవరి పేరూ ఉండదు. అది కోర్టు మాటే అనుకుంటారు. మీరిలాగే వేయమంటే వేద్దాం. కింద మీ పేరు కూడా కొయ్య అక్షరాలతో వేద్దాం."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు.

"తీర్పు రాకముందు అట్లా పేరు పెట్టి వేస్తే, కోర్టు ధిక్కారమని నన్ను లోపలేస్తారు."

"మీకు అలవాటేగా అండీ."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి ఎలా చెప్పాలో మనసులో ఒక వాక్యం కూర్చుకున్నాను కూడా. బాగానే కుదిరింది. కానీ ఆ కాగితం మాత్రం చెయ్యి వదల్లేదు.

చివరికి ఆయన, "నీ హెడ్డింగేదో చెప్పు" అన్నారు.

"నూలు కేసులో ఈ సాయంత్రం తీర్పు."

"ఇది హెడ్డింగా, రైలు టైమా?"

"రైలు టైము కంటే నమ్మదగిందేనండి."

"నవ్వకుండా జోకులేస్తావు నువ్వు. అదే నాకు నచ్చదు. ఫో, వేసుకో."

ఆ రోజు మా పత్రిక మామూలుకంటే తక్కువ అమ్ముడుపోయింది. దాచడం ఎందుకు, ముందు చెప్పినట్టు ఆయన లెక్క సరైనదే.

సాయంత్రం దానియేలు గారు వచ్చి గొడుగు మూలన ఆనించి, "కేసు కొట్టేశారు" అన్నారు. బేళ్ళు సొసైటీ గోడౌను దాకా రాలేదనీ, సప్లై ఆఫీసు నుంచే దారి మళ్ళాయనీ, నాగభూషణం చెయ్యి వాటిమీద పడినట్టు ఏ సాక్ష్యమూ లేదనీ మేజిస్ట్రేటు గారు చదివారట. నాగభూషణం ఏమన్నాడని అడిగాను. "బస్సు ఎన్నింటికని అడిగాడు" అన్నారు.

ఊళ్ళో జరిగింది తరువాత ఏజెంటు చెప్పాడు. కోటయ్య మా పత్రికను రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి కూడా అందులో అదే ఉంది. వేలిముద్రల కాగితం బయటికి తీస్తే, ఎవరో ముసలాయన, "తీర్పు సాయంత్రమంటున్నారుగా షావుకారు గారూ, మనకి తొందరేముంది, ఆఖరి బస్సు చూసి వేద్దాం" అన్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు. జనం లేచిపోకుండా కోటయ్య అందరికీ సోడాలు తెప్పించాడు. ఆఖరి బస్సు వచ్చింది, నాగభూషణం దిగాడు. కోటయ్య తెప్పించిన సోడాలు తాగి, ఊరివాళ్ళు నాగభూషణాన్ని ఇంటిదాకా దిగబెట్టారు.

దొంగ విడుదల

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మీరింకా డెస్కులో చేరలేదన్నమాట. మర్నాడు పొద్దున ఎడిటరు గారు రాసిన హెడ్డింగు, "నూలు దొంగ విడుదల."

ఇందులో ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. మనిషికి ఒకసారి పేరు పెట్టాక ఆ పేరుతోనే పిలుస్తాం. నిర్దోషి అని కోర్టు చెప్పినా, మన నోట్లో వాడు విడుదలైన దొంగే. కొత్తగా చేరేవాళ్ళు అన్నిటికంటే దీనికే భయపడాలి. పగతో రాసిన హెడ్డింగును ఎవరైనా పట్టుకుంటారు. అలవాటుతో రాసింది ప్రూఫు చదివేవాడికి కూడా తప్పుగా కనబడదు.

"విడుదలైనవాడు దొంగైతే, దొంగని వదిలిన మేజిస్ట్రేటు గారు ఏమవుతారండీ?" అన్నాను.

ఎడిటరు గారు ఆ కాగితాన్ని ఒకసారి చూసి, తనే చింపేశారు. "నూలు కేసులో నాగభూషణం నిర్దోషి" అని పంపాను.

"అంత లావు అక్షరాలెందుకు? వెనక పేజీలో వెయ్యి."

"దొంగ అన్నది ఈ అక్షరాలతోనే కదండీ."

వేశాం. పేరుతో సహా వేశాం. మొదటిసారి పేరు లేకుండానే అందరికీ తెలిసింది కాబట్టి, ఈసారి తెలియకుండా పోయే వీలు ఉండకూడదనుకున్నాను.

కోటయ్య

కొద్ది రోజులకు పోలీసులు కోటయ్యను అరెస్టు చేశారు. ఎడిటరు గారు ఉత్సాహంగా నా బల్ల దగ్గరికే వచ్చారు.

"ఇప్పుడు రాయనిస్తావా? 'అసలు దొంగ దొరికాడు.' ఎట్లా ఉంది?"

"చాలా బాగుందండి. 'నూలు కేసులో కోటయ్య అరెస్టు' అని వేద్దాం."

"వాడు దొంగని నీకు తెలుసు, నాకు తెలుసు."

"నాకు బాగా తెలుసండి. ఇంటి దగ్గర రోజూ అంటున్నాను."

"మరి?"

"అక్కడైతే అన్నది నేనేనని మా ఆవిడకు తెలుస్తుందండి."

నిజం చెప్పాలంటే, నాగభూషణం కోసం పోట్లాడడం సులువు. అమాయకుడని నా నమ్మకం. భార్య వచ్చి కుర్చీలో కూర్చుని చెప్పింది. నా ఎదురుగా ఒక మనిషి ఉంది. కోటయ్య తరఫున ఎవరూ రాలేదు. వస్తే నాకు నచ్చేదీ కాదు. ఆ హెడ్డింగు రాసేటప్పుడు నా చెయ్యి 'దొంగ' అన్న మాట వైపు పోవడం నాకు తెలుస్తూనే ఉంది. పట్టుకుని ఆపుకోవాల్సి వచ్చింది.

పత్రిక వెళ్ళిన మర్నాడు మంగమ్మ గారు మెట్లెక్కి వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"పేరు పెద్దగానే వేశారు బాబూ. ఆ మాటేదండీ?"

"ఏ మాటమ్మా?"

"తెలవనట్టు అడగమాకండి."

"ఆయన కేసు ఇంకా తేలలేదమ్మా."

"మా ఆయనకి తేలాకే రాశారా?"

"లేదమ్మా. అది తప్పు."

"తప్పేమో మాకు చేశారు, ఒప్పేమో వాడికి చేస్తన్నారు. బాగుందండీ మీ న్యాయం. అసలు మీరెవరి పక్షం?"

"ఎవరి పక్షమూ కాదమ్మా."

"అట్టాంటోళ్ళని నమ్మకూడదండి" అని ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ ఇంటివాళ్ళు మా పత్రిక మానేశారు. పేరు కొయ్య అక్షరాలతో వేసినందుకు కోటయ్య ఇంట్లోనూ మానేశారు. ఆ రెండిళ్ళూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం, నాకు తెలిసి, అదే మొదలు. ఎడిటరు గారు ఈ సంగతి నాకు అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉండేవారు.

ఆవిడ అన్నది అన్యాయం కాదు. ఆవిడ ఇంటికి అంటించిన పేరుకి మేం చెల్లించిందేమీ లేదు. కానీ ఆ పేరునే ఇంకో ఇంటికి కూడా అంటిస్తే లెక్క సరిపోతుందని నేను ఒప్పుకోలేను. ఎక్కడో ఒక మనిషి దగ్గర ఆపాలి. ఆ మనిషి మనకు నచ్చనివాడైతే, ఆపింది మొహమాటం వల్ల కాదని మనకైనా తెలుస్తుంది. కుర్రవాళ్ళు అడిగిన దానికి నా జవాబు ఇంతే. నెమ్మదిగా అన్నది ఇందుకే.

కోటయ్య విచారణ మొదలైన పొద్దున దానియేలు గారు గొడుగు తీసుకుని కోర్టుకు వెళ్ళారు. ఎడిటరు గారు హెడ్డింగు రాయని ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయారు. "కోటయ్య కేసు విచారణ నేడు" అని రాసి కంపోజింగుకి పంపాను.